విదేశాల్లో తవ్వకాలకి వెళ్ళిన స్టూడెంట్స్ ఉన్నారా? ఎదురు డబ్బు కట్టి వెళ్ళడం సబబేనా?

పెంకుముక్క
ఇంగ్లండ్ ఉత్తరాన ఒక యూనివర్సిటీలో ఆర్కియాలజీ మాస్టర్స్ చేస్తున్నాను. మాది గుంటూరు దగ్గర. ఇక్కడికి రాకముందు తెలంగాణలో ఒక బౌద్ధ స్థలం దగ్గర మా ప్రొఫెసర్ గారితో ఒక సీజన్ ఉన్నాను. తవ్వేది కూలీలు. మేం ట్రెంచ్ (తవ్వే గుంత) పక్కన నిలబడి నోట్స్ రాయడం, టేపు పట్టుకోవడం, పెంకుల మీద నంబర్లు వెయ్యడం. నా చేత్తో ఒక్క పొర కూడా తియ్యలేదు. ఆ కొరత అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు రెండు ఆలోచనలు ఉన్నాయి. ఒకటి, ఇక్కడ ఉత్తరాన రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర విండొలాండా అనే పాత కోటలో వాలంటీర్‌గా వెళ్ళడం. రెండు, ఇటలీ, పోర్చుగల్ వైపు వేసవిలో నడిచే ఫీల్డ్ స్కూల్ (తవ్వకం నేర్పే శిబిరం) ఏదైనా. రెండిటికీ మనమే డబ్బు కట్టాలి. రెండోదానికి ఫీజు, టికెట్, వీసా అన్నీ కలిపితే నా రెండు నెలల రూమ్ అద్దె. నాన్నకి ఫోన్లో చెప్తే "మట్టి తవ్వడానికి మనం ఎదురు డబ్బివ్వడం ఏంటమ్మా" అన్నారు. ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు, నా దగ్గరే సరైన జవాబు లేదు. వెళ్ళొచ్చినవాళ్ళు ఏం నేర్చుకున్నారో చెప్పండి.

మధురవాడ_బస్టాప్
నాదీ నాన్నగారి ప్రశ్నే. పనిచేస్తే డబ్బులు రావాలి కదా, పోవడం ఏంటి? నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, తెలియకే అడుగుతున్నా.

టైన్_ఒడ్డున
బస్టాప్ గారూ, డ్రైవింగ్ స్కూల్లో బండి నడిపేది మనమే, ఫీజు కట్టేదీ మనమే. ఇదీ అంతే.

పెంకుముక్కా, నేను విండొలాండాలో ఒక విడత చేశాను. అక్కడి సంగతి చెప్తాను. గోడకి దక్షిణంగా మైలు దూరంలో ఉంటుంది ఆ కోట. గోడ పని క్రీ.శ. 122లో మొదలైంది కానీ, కోట అంతకు ముందే క్రీ.శ. 85 ప్రాంతం నుంచీ ఉంది. ఒకదాని మీద ఒకటిగా తొమ్మిది కోటలు లేచాయి అక్కడ. పాత చెక్క కోటని పడగొట్టి, దాని మీద బంకమట్టి, గడ్డి పెళ్ళలు పరిచి కొత్తది కట్టేవాళ్ళు. దాంతో కింది పొరలకి గాలి తగల్లేదు. గాలి లేకపోతే కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు బతకవు. అందుకే చెక్క, తోలు, బట్ట అలాగే నిలిచిపోయాయి. చెప్పులూ బూట్లే 5,000కి పైగా దొరికాయి. 1973లో రాబిన్ బిర్లీ తవ్వకాల్లో సిరాతో రాసిన పల్చటి చెక్క పలకలు బయటపడ్డాయి. పోస్ట్‌కార్డ్ అంత ఉంటాయి. ఒక అధికారి భార్య తన పుట్టినరోజుకి స్నేహితురాల్ని రమ్మని రాసింది ఒకదాంట్లో. ఇంకోదాంట్లో మేజోళ్ళు, లోదుస్తులు పంపిస్తున్నామని ఉంది. దాదాపు 1,900 ఏళ్ళ కింద కూడా ఇంటి నుంచి పార్సెల్ వచ్చేది!

ఇక పని. మొదట గడ్డి తీసి, రాళ్ళు తోపుడు బండిలో మోసి పారబొయ్యడం. ఒళ్ళు హూనమవుతుంది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో గీకడం. తాపీ అంచు మనవైపు పెట్టి, మట్టిని మనవైపే లాక్కోవాలి. లాగుతూ వెనక్కి జరగాలి. అప్పుడే శుభ్రం చేసిన చోట మళ్ళీ కాలు పడదు. ఎవరూ ఊరికే నిలబెట్టరు. మట్టి రంగు మారినా, తాపీ కింద గరగర శబ్దం మారినా ఆపి సూపర్‌వైజర్‌ని పిలవాలి. ఆయన వచ్చి "ఏం మారింది? ఎక్కడ మారింది?" అని మన చేతే చెప్పిస్తాడు. నేను నేర్చుకున్నది అదే. క్లాసులో స్లైడ్ మీద గీత గీసి చూపిస్తే పొర కనిపిస్తుంది. నేలలో గీత ఉండదు. తడిగా ఉన్నప్పుడు కాస్త కనిపిస్తుంది, ఎండగానే మాయమైపోతుంది.

పలక దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకుని వెళ్ళకు. మా గుంపులో చాలామందికి పశువుల ఎముకలు, మేకులు, పెంకులే. మా ట్రెంచ్‌లో ఒక చెప్పు అడుగు వచ్చింది. దాని మీద మేకుల వరస అలాగే ఉంది. తీసింది నేను కాదు, పక్కనున్న రిటైర్డ్ టీచరమ్మ. అయినా ఆ రోజు నాకు పండగే.

ఉప్మా_కావాలి
తిండి సంగతి ఎవరూ చెప్పరే. శాకాహారి బతుకుతాడా అక్కడ?

టైన్_ఒడ్డున
బతుకుతాడు. మధ్యాహ్నానికి డబ్బా మనమే తీసుకెళ్ళాలి. పులిహోర బెస్ట్, చల్లారినా బాగుంటుంది. మా ట్రెంచ్‌లో సగం మంది పులిహోర ఫ్యాన్స్ అయిపోయారు.

బల్క్_గట్టు
పురావస్తు శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒక్క విషయం ఒప్పుకోలేకపోతున్నాను. కూలీలు తవ్వితే స్టూడెంట్ నేర్చుకోలేడన్నట్టు మొదలైంది ఈ చర్చ. ఇరవై ఏళ్ళు ట్రెంచ్‌లో ఉన్న కూలీకి పలుగు దెబ్బ శబ్దంలోనే గచ్చు వచ్చిందో, మట్టి గోడ వచ్చిందో తెలుస్తుంది. మా రోజుల్లో నేను మట్టి చదవడం నేర్చుకున్నది అలాంటి ఒక పెద్దాయన దగ్గరే. ఆయనకి సంతకం రాదు. ఈజిప్టులో కూడా ఇంతే. ఫ్లిండర్స్ పెట్రీ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త 1890ల్లో కుఫ్త్ అనే ఊరివాళ్ళకి పని నేర్పాడు. ఆ ఊరివాళ్ళు తరతరాలుగా తవ్వకాల మేస్త్రీలుగా ఉన్నారు. విదేశీ ప్రొఫెసర్లు పేపర్లు రాసుకున్నారు, నేల చదివింది కుఫ్త్ వాళ్ళు. అమ్మాయీ, మళ్ళీ మన దగ్గర తవ్వకానికి వెళ్తే కూలీల పక్కన కూర్చో. పార అడుగు, ఇస్తారు.

పద్ధతి తేడా కూడా తెలుసుకో. మన దగ్గర ఇప్పటికీ ఎక్కువగా మార్టిమర్ వీలర్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త పద్ధతే. ఆయన 1944లో ఇక్కడ పురావస్తు శాఖకి డైరెక్టర్ జనరల్‌గా వచ్చి తక్షశిలలో స్టూడెంట్స్‌కి శిక్షణ శిబిరం పెట్టాడు. గళ్ళు గళ్ళుగా ట్రెంచ్‌లు, మధ్యలో తవ్వకుండా వదిలేసే గట్లు. ఆ గట్టు గోడ మీదే పొరలన్నీ చదువుతాం. బ్రిటన్‌లో ఆ గట్లు ఎప్పుడో తీసేశారు. స్థలం మొత్తం ఒకేసారి తెరిచి, ఒక్కో గుంతకీ ఒక్కో పొరకీ ఒక్కో నంబరు, ఒక్కో షీటు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది హారిస్ మ్యాట్రిక్స్ అనే చార్టులో గీస్తారు. 1973లో ఎడ్వర్డ్ హారిస్ తయారుచేసింది. రెండూ చేతికి పట్టుబడితే నీకు ఎదురుండదు. అందుకోసం వెళ్ళు. రోమన్ కోట చూడ్డానికైతే టికెట్ కొనుక్కుంటే చాలు.

పెంకుముక్క
గట్టు గారూ, మీరు చెప్పింది నిజమే సార్. మా సైట్‌లో ఒకావిడ పెంకు వెనక్కి తిప్పి కూడా చూడకుండా "ఇది కడవ మెడ" అని చెప్పేసేది. నేను ఆవిణ్ణి అడగాల్సింది ఎంతో ఉంది. షీటు నింపడం మాత్రం నాకు ఇప్పటికీ టెన్షనే. క్లాసులో హారిస్ మ్యాట్రిక్స్ గీశాం కానీ, అది పుస్తకంలో లెక్క చేసినట్టే.

మేరీలాండ్_మాధవి
ఇక్కడ అందరూ మంచే చెప్తున్నారు, నేను రెండో వైపు చెప్తా. బీఏలో ఉన్నప్పుడు మధ్యధరా సముద్రం వైపు ఒక దేశంలో ఫీల్డ్ స్కూల్‌కి వెళ్ళాను. పేరు చెప్పను. వేల డాలర్లు కట్టాం. మొదటి వారం అంతా కలుపు పీకడం, తర్వాత రోజంతా టబ్బు ముందు కూర్చుని టూత్‌బ్రష్‌తో పెంకులు తోమడం. ట్రెంచ్‌లోకి దిగింది చాలా తక్కువ. డైరెక్టర్ గారు ఫొటోలకి వచ్చేవారు. ఎవరైనా ప్రశ్న అడిగితే "ఇప్పుడు టైం లేదు." వీకెండ్ బీచ్ ట్రిప్పులు మాత్రం బ్రోషర్‌లో చెప్పినట్టే జరిగాయి. నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. అది మా అమ్మ చీటీ పాట డబ్బు.

డబ్బు కట్టేముందు ఈమెయిల్‌లో అడుగు చెల్లీ: ఒక సూపర్‌వైజర్‌కి ఎంతమంది స్టూడెంట్స్? రికార్డింగ్ షీట్లు స్టూడెంట్స్ నింపుతారా? ప్లాన్ (పైనుంచి చూసిన పటం), సెక్షన్ (ట్రెంచ్ గోడ మీది పొరల పటం) గియ్యనిస్తారా? పోయిన ఏడు వచ్చినవాళ్ళలో ఒకరితో మాట్లాడొచ్చా? ఈ ప్రశ్నలకి సూటిగా జవాబివ్వని చోటికి వెళ్ళకు.

కుండబొమ్మ
మాధవి గారి కోపం న్యాయమే, కానీ పెంకులు తోమడాన్ని తీసిపారెయ్యకండి. నేను పీహెచ్‌డీ కుండల మీదే చేస్తున్నా. తోమేటప్పుడే పెంకు అంచు, మెడ, అడుగు వేళ్ళకి తెలుస్తాయి. విరిగిన చోట మట్టిలో ఏం కలిపారో కనిపిస్తుంది: ఇసుకా, ఊకా, గవ్వ పొడా. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో వీలర్ 1945లో తవ్వినప్పుడు, ఇటలీ నుంచి వచ్చిన ఎర్ర పళ్ళేల ముక్కలు దొరికాయి కాబట్టే అక్కడి పొరలకి కాలం కట్టగలిగారు. అదే చోట దొరికిన మన రౌలెటెడ్ (చుట్టూ చుక్కల గీతల నగిషీ ఉన్న) పళ్ళేలకీ అలాగే కాలం తెలిసింది. అంటే ఇటలీ పెంకు గుర్తుపట్టడం వచ్చినవాడు కోస్తాంధ్ర నేలలో కాలం చెప్పగలడు. ఫీల్డ్ స్కూల్‌లో కుండల నిపుణులు ఎవరైనా ఉంటే, రోజూ సాయంత్రం ఓ గంట వాళ్ళ బల్ల దగ్గర కూర్చోండి.

మేరీలాండ్_మాధవి
కుండబొమ్మ గారూ, మీలాంటివాళ్ళు ఒక్కరు ఆ టబ్బు పక్కన కూర్చుని చెప్పి ఉంటే నాకు ఆ ఫిర్యాదే ఉండేది కాదు. తోమించారు, చెప్పలేదు. నా గొడవంతా అదే.

కుండబొమ్మ
అది తప్పే. ఒప్పుకుంటా.

సీతమ్మధార_సుబ్బలక్ష్మి
అమ్మాయిలు అడగడానికి మొహమాటపడతారు కాబట్టి నేను అడుగుతున్నా. టాయిలెట్లు? గదులు? నెలసరి రోజుల్లో ఏం చేస్తారు?

టైన్_ఒడ్డున
విండొలాండాలో మ్యూజియం ఉంది కాబట్టి టాయిలెట్ల సమస్య లేదు. వాలంటీర్లు బస సంగతి ముందే చూసుకోవాలి. మారుమూల తవ్వకాల్లో మాత్రం ఇది ముందే తేల్చుకోవాల్సిన విషయం అక్కా.

మేరీలాండ్_మాధవి
నేను వెళ్ళిన చోట ఇదీ గొడవే. ఊరి బయట పొలం, నీడ లేదు, టాయిలెట్‌కి వ్యాన్ వచ్చేదాకా ఆగాలి. నొప్పి వచ్చిన రోజు చెప్పుకునే మనిషి లేదు. ప్యాడ్లు, మాత్రలు ఇంటి దగ్గర్నుంచే తీసుకెళ్ళాలి. వేధింపుల మీద రాతపూర్వకంగా నియమావళి ఉందా, ఫిర్యాదు చెయ్యడానికి డైరెక్టర్ కాకుండా ఇంకో మనిషి ఉన్నారా అని కూడా అడగాలి. ఆ ఒక్క ప్రశ్నకి ఇబ్బందిపడ్డారంటే ఆ చోటు మనకొద్దు.

సీతమ్మధార_సుబ్బలక్ష్మి
బంగారం లాంటి మాట చెప్పావు తల్లీ. మా అమ్మాయికి పంపిస్తున్నా.

వీసా_వేణు
అందరూ తాపీల దగ్గరే ఉన్నారు, ముందు వీసా చూడండి. యూకే స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, ఆపై కోర్సుల వాళ్ళకి టర్మ్ టైంలో వారానికి 20 గంటలే పని. జీతం లేని పని కూడా ఆ లెక్కలోకి రావచ్చు. మాస్టర్స్ వాళ్ళకి డిసర్టేషన్ రాసే వేసవి సెలవు కాదు, టర్మ్ కిందే లెక్క. వాలంటీరింగ్ వేరు, జీతం లేని ఉద్యోగం వేరు అని వాళ్ళ రూల్స్‌లో తేడా ఉంది. ఆ తేడా మనం ఫోరంలో తేల్చేది కాదు. యూనివర్సిటీ వీసా ఆఫీసుకి మెయిల్ పెట్టి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి. కోర్సులో భాగంగా డిపార్ట్‌మెంటే పంపితే చాలా తలనొప్పులు తగ్గుతాయి.

ఇటలీ, పోర్చుగల్ అంటే షెంగెన్ (చాలా యూరప్ దేశాల ఉమ్మడి) వీసా వేరే కావాలి, యూకే వీసా పనికిరాదు. వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా యూకే పర్మిషన్ కనీసం మూడు నెలలు ఉండాలి. కోర్సు చివర్లో వెళ్ళేవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు.

మధురవాడ_బస్టాప్
వేణన్న వచ్చాడంటే అందరికీ వీసా టెన్షన్ వచ్చినట్టే.

కరీంనగర్_క్రాంతి
ఇవన్నీ సరే, ఉద్యోగం వస్తదా? ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న ఇదే.

టైన్_ఒడ్డున
బ్రిటన్‌లో ఆర్కియాలజీ ఉద్యోగాలు ఎక్కువగా యూనివర్సిటీల్లో లేవు, కంపెనీల్లో ఉన్నాయి. 1990లో పీపీజీ 16 అని ప్లానింగ్ నియమం వచ్చింది. అప్పట్నుంచి రోడ్డు, అపార్ట్‌మెంట్, రైల్వే లైను ఏది కట్టాలన్నా, అక్కడ పాత అవశేషాలు ఉండొచ్చనుకుంటే కట్టేవాళ్ళ ఖర్చుతోనే ముందు పరిశీలన, తవ్వకం. హెచ్ఎస్2 అనే హైస్పీడ్ రైల్వే కోసం కూడా అలాగే పెద్ద ఎత్తున తవ్వారు. ఆ కంపెనీలు ఇంటర్వ్యూలో డిగ్రీ కంటే ముందు "ఎన్ని వారాలు తవ్వావు, షీట్లు నువ్వే నింపావా, లెవెల్స్ (ఎత్తు కొలతలు) తీశావా" అని అడుగుతాయి. కట్టడం పనుల దగ్గర తిరగడానికి సీఎస్‌సీఎస్ కార్డ్ (కట్టడం పనివాళ్ళ గుర్తింపు కార్డు) ఉంటే మంచిది. జీతం గొప్పగా ఏం ఉండదు, ఆ మాట నిజమే చెప్పాలి. చలికాలంలో బురదలో నిలబడాలి. ఇష్టం లేకపోతే నిలబడలేం.

బల్క్_గట్టు
మన దగ్గర కూడా అలాంటి నియమం గట్టిగా ఉండి ఉంటే ఎన్ని దిబ్బలు మిగిలేవో. ఊరి పాటిమట్టి అని ట్రాక్టర్లలో పొలాలకి తోలేశారు. రాతియుగం నాటి బూడిద దిబ్బలదీ అదే గతి. నాగార్జునసాగర్ డ్యామ్ నీళ్ళు రాకముందు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయ మొత్తం తవ్వి, ముఖ్యమైన కట్టడాల్ని కొండ మీదికీ, అనుపుకీ తరలించి మళ్ళీ కట్టారు. అంత పట్టుదల తర్వాత ఎంతో అరుదుగా చూశాం. చెప్పుకుంటే కడుపు మండుతుంది. నీ తరం వాళ్ళు అక్కడ నేర్చుకున్నది ఇక్కడికి తేవాలమ్మా.

ఎర్రసముద్రం
ఈ చర్చలో అందరూ రోమన్ గోడ దగ్గరే ఆగిపోయారు. తెలుగువాళ్ళం కదా, బెరెనికె గుర్తు చెయ్యాలి. ఈజిప్టులో ఎర్ర సముద్రం ఒడ్డున క్రీ.పూ. 3వ శతాబ్దంలో అక్కడి రాజు రెండో టాలెమీ పెట్టిన రేవు. స్టీవెన్ సైడ్‌బాథమ్ బృందం 1994 నుంచి అక్కడ తవ్వుతోంది. గుడి ఆవరణలో పాతిపెట్టిన మన దేశపు జాడీలో 7.5 కిలోల పైన మిరియాలు దొరికాయి. ఓడలకి వాడిన టేకు చెక్కని ఇళ్ళలో మళ్ళీ వాడుకున్నారు. 2023లో ప్రకటించిన వాటిలో పాలరాతి బుద్ధ విగ్రహం ఉంది, ఐసిస్ అనే ఈజిప్టు దేవత గుడిలో దొరికింది. శాతవాహన నాణేలు కూడా! అమరావతి, ధూళికట్ట కట్టించిన కాలపు రాజుల నాణెం ఆ ఎడారిలో. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

స్టూడెంట్‌గా వెళ్ళాలంటే మాత్రం అప్లికేషన్ పెట్టి వెళ్ళే చోటు కాదు. ఈజిప్టులో ప్రతి విదేశీ బృందంలో ప్రతి మనిషికీ సెక్యూరిటీ అనుమతి నెలల ముందు నుంచే తీసుకోవాలి. తవ్వకం దగ్గర ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. బృందంలోవాళ్ళు మనల్ని ఏదో ఒక పనికి పిలవాలి. కుండలు చదవడమో, నాణేలు శుభ్రం చెయ్యడమో, గింజలు గుర్తుపట్టడమో, ఏదో ఒకటి చేతిలో ఉంటేనే పిలుపు వస్తుంది. ప్రాకృతం, బ్రాహ్మి చదవడం వచ్చిన మనవాళ్ళకి అక్కడ నిజంగా పని ఉంది.

కుండబొమ్మ
ఈజిప్టులోనే ఇంకో పాత రేవు కుసేర్ అల్ ఖదీమ్‌లో తమిళ బ్రాహ్మి రాసిన పెంకు దొరికింది. ఒమన్‌లో ఖోర్ రోరీలోనూ ఒకటి. వాటిని చదివినవాళ్ళు లేకపోతే అవి ఉత్త పెంకులే.

పెంకుముక్క
ఎర్రసముద్రం గారూ, నాకు బ్రాహ్మి కొంచెం వచ్చు! గుంటూరులో ఉన్నప్పుడు సరదాగా నేర్చుకున్నా. అది పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఎర్రసముద్రం
కొంచెం కాదు, గట్టిగా నేర్చుకో. తాపీ పట్టేవాళ్ళు చాలామంది దొరుకుతారు.

బల్క్_గట్టు
అది నేనూ గట్టిగా చెప్తున్నా. మన కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) వాళ్ళే వియత్నాంలో ‘మీ సన్’ అనే చోట పాత గుళ్ళ దగ్గర పనిచేస్తుంటే 2020లో 9వ శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. మనం విదేశంలో ఎప్పుడూ నేర్చుకునేవాళ్ళమే కాదు.

టైన్_ఒడ్డున
వీకెండ్లో ఎక్కడికి వెళ్ళాలో కూడా చెప్తా. న్యూకాజిల్ నుంచి మెట్రోలో సౌత్ షీల్డ్స్ వెళ్ళి అర్బెయా అనే రోమన్ కోట మ్యూజియం చూడు. అక్కడ రెజీనా అనే ఆవిడ సమాధి రాయి ఉంది. సిరియాలోని పాల్మైరా నుంచి వచ్చిన బరాటెస్ అనే ఆయన ఇక్కడి అమ్మాయిని బానిసత్వం నుంచి విడిపించి పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ 30 ఏళ్ళకే పోయింది. పైన లాటిన్‌లో వివరాలన్నీ రాయించి, కింద తన సొంత లిపిలో ఒక్క వరుస చెక్కించాడు, "బరాటెస్ విడిపించిన రెజీనా, అయ్యో" అని. ఆ ఊళ్ళో ఆ లిపి చదివేవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? అయినా తన భాషలోనే ఏడ్చాడు. మొదటి ఏడాది ఆ రాయి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

లండన్ వెళ్తే బ్రిటిష్ మ్యూజియంలో విండొలాండా పలకలూ, మీ అమరావతి శిల్పాలూ ఒకే కప్పు కింద ఉంటాయి. ఆ శిల్పాల్లో చాలావరకు 1845లో వాల్టర్ ఎలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించినవి. ఏ పలక ఏ పొరలో దొరికిందో ఇక్కడ రికార్డు ఉంది. మన శిల్పాల్లో చాలావాటికి అది లేదు. అది చూస్తే షీటు ఎందుకు నింపాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

సీతమ్మధార_సుబ్బలక్ష్మి
బరాటెస్ సంగతి చదివి కళ్ళు తడిశాయి బాబూ.

పెంకుముక్క
అందరికీ చాలా థాంక్స్. ఈ రెండ్రోజుల్లో చేసినవి రాస్తున్నా. వీసా ఆఫీసుకి మెయిల్ పెట్టాను. మా డిపార్ట్‌మెంట్ నడిపే శిక్షణ తవ్వకం ఈ వేసవిలో ఉందట, కోర్సులో భాగం, ఫీజు లేదు, షీట్లు స్టూడెంట్సే నింపాలట. దానికి పేరు ఇచ్చేశా. ఇటలీ ఫీల్డ్ స్కూల్‌కి మాధవక్క ప్రశ్నలన్నీ పంపితే బ్రోషర్ మళ్ళీ పంపారు, జవాబు రాలేదు. దాన్ని వదిలేశా. విండొలాండా ఈ ఏడాదికి నిండిపోయింది. నాన్నకి ఎర్రసముద్రం గారి పోస్టు చదివి వినిపించాను. "శాతవాహనుల నాణెం అంత దూరం పోయిందా" అని రెండుసార్లు అడిగారు.

టైన్_ఒడ్డున
మంచి పని చేశావు. విండొలాండా బుకింగ్ ముందు ఏడాది చివర్లోనే తెరుస్తారు, చాలా త్వరగా అయిపోతాయి, తేదీ ఫోన్లో పెట్టుకో. దగ్గర్లోని మాగ్నా కోటలో కూడా 2023 నుంచి తవ్వుతున్నారు. వాతావరణ మార్పుతో అక్కడి తడి నేల ఎండిపోతోంది, లోపలున్న తోలు, చెక్క పాడయ్యేలోపు తియ్యాలని తొందర. అక్కడా వాలంటీర్లని తీసుకుంటారు.

ఉప్మా_కావాలి
బూట్లు ఎలాంటివి కొనాలి? నేనూ వెళ్దామనుకుంటున్నా.

మేరీలాండ్_మాధవి
ముందు ఇనప తొడుగున్నవి. కొని నెల రోజులు ఇంటి చుట్టూ తిరిగి అలవాటు చేసుకో. మోకాళ్ళ ప్యాడ్లు చవకవి వద్దు. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావో చూసుకో, పదేళ్ళు దాటితే డాక్టర్‌ని అడుగు. తాపీ నాలుగంగుళాలది, ఒకే ఉక్కు ముక్కతో సాగగొట్టి చేసింది తీసుకో. అతికించిన బ్లేడు రాయి తగలగానే ఊడిపోతుంది.

బల్క్_గట్టు
తాపీ పిడి మీద పేరు చెక్కించుకోండి. ట్రెంచ్‌లో అన్నిటికంటే ముందు పోయేది అదే.